ఎన్ని మెట్లు బాబూ?

మీరిప్పుడు వీఆర్వో. చేరి ఏడాది నిండలేదు. మీకిచ్చిన ఊరు వంశధార ఒడ్డున ఉంది. పేరెందుకు, నరసన్నపేట మండలంలో ఏటిని ఆనుకుని ఉన్న ఏ ఊరైనా అనుకోండి.

2018 అక్టోబరు 10, బుధవారం, సాయంత్రం ఐదున్నర. తహసీల్దారు ఆఫీసు వరండాలో నిలబడి ఉన్నారు. చేతిలో జిరాక్సు కాగితం ఇంకా వేడిగానే ఉంది. లోపల ఒక ఫోను ఆగితే ఇంకోటి మోగుతోంది. బయట ఆకాశం తోమకుండా మూలన పడేసిన ఇత్తడి బిందెలా ఉంది. ఉండుండి ఒక విసురు గాలి, దాని వెనకే నాలుగు చినుకులు, మళ్లీ ఏమీ లేనట్టు.

కాగితంలో ఉన్నది రెండు ముక్కలే. తిత్లీ అనే అతి తీవ్ర తుఫాను రేపు తెల్లవారుజామున గోపాలపూర్, కళింగపట్నం మధ్య తీరం దాటవచ్చు. లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి.

తిత్లీ అంటే సీతాకోకచిలుక. పాకిస్థాన్ ఇచ్చిన పేరు. ఈ సముద్రాల చుట్టూ ఉన్న దేశాలు తలా కొన్ని పేర్లు ముందే రాసిచ్చి ఉంచుతాయి, వరసలో వచ్చినదాన్ని వాడేస్తారు. గోపాలపూర్ ఒడిశాలో ఉంది. కళింగపట్నం మీ ఏరు వెళ్లి సముద్రంలో కలిసే చోటు. ఆ రెంటి మధ్యా వంద కిలోమీటర్లు దాటిన తీరం. అందులో ఎక్కడ? అది కాగితం చెప్పదు, చెప్పలేదు కూడా.

మీ ఇల్లు శ్రీకాకుళంలో. మడపాం టోల్‌గేటు, వంతెన దాటితే అరగంట కూడా పట్టదు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. ఊరు అటు, ఇల్లు ఇటు. బండి తాళం చెవి వేలికి తిప్పుతూ ఒక నిమిషం నిలబడతారు. అమ్మకి ఫోన్ చేస్తారు. "రేపొస్తానమ్మా, కిటికీలు గడియ పెట్టుకో." అట్నుంచి మాట పూర్తి కాకముందే బండి ఊరి వైపు తిరిగిపోయింది.

ఊళ్లోకి రాగానే పాటలు వినిపిస్తున్నాయి. దసరా నవరాత్రులు ఇవాళే మొదలు. రామమందిరం ముందు పందిరి, అమ్మవారి బొమ్మ, రెండు పెద్ద సౌండు పెట్టెలు. మీకు కావలసింది ఆ మైకే. తొలిరోజు పూజలో పాట ఆపమని కుర్రాళ్లని అడగాలి. మీ వెనక తలారి నిలబడి ఉన్నాడు. ప్రభుత్వం కాగితాల్లో అతను గ్రామ రెవెన్యూ సహాయకుడు. ఊరికి మాత్రం తలారే, వాళ్ల నాన్న కూడా తలారే. ఆయన కాలంలో మైకు లేదు, టముకు ఉండేది.

పాట ఆగింది. మైకు మీ చేతికొచ్చింది. కాగితం ఉన్నదున్నట్టు చదువుతారు. లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను.

పందిరి కింద యాభై మంది దాకా ఉన్నారు. అందరూ తల ఊపారు. ఒక్కరూ కదల్లేదు.

ఎందుకు కదల్లేదంటారా? వాళ్ల మొహాలు చూడండి. లోతట్టు అంటే పక్క ఊరు. ఎవర్నడిగినా పక్క ఊరే. ఆ పక్క ఊరికెళ్లి అడిగితే వీళ్ల ఊరు చూపిస్తారు. ఇక అప్రమత్తం సంగతి. అప్రమత్తంగా ఉండాలంటే మనిషి కూర్చోవాలా, లేవాలా, మూట కట్టాలా? ఏళ్లుగా రేడియోలో, టీవీలో, కాగితంలో వింటున్న మాట అది. దాంతో ఒక్క చెయ్యి, ఒక్క కాలు కదిలించగలిగినవాడు ఉన్నాడంటే నాకు అనుమానమే.

వెనక నుంచి ఒక ముసలమ్మ. "అయితే ఏటి సెయ్యమంతావు బాబూ?"

మీ దగ్గర జవాబు లేదు. తలారి మీ చెవి దగ్గర చిన్నగా అంటాడు. "పెంకుటిళ్లోలు, పాకలోలు బడికి రండని సెప్పండి బాబూ. గాలికి పెంకు లెగిసిపోద్ది. బడి స్లాబు గట్టిది. అంతే సెప్పండి."

అంతే చెప్తారు. ఈసారి పది మంది లేచారు. ఇళ్లకెళ్లి పిల్లల్ని తెస్తున్నారు. రాత్రి తొమ్మిదికి ప్రాథమిక పాఠశాల రెండు గదులూ నిండాయి. రేషను డీలరు బియ్యం అప్పిచ్చాడు. ఎవరిస్తారు డబ్బులు అని అతను అడగలేదు. మీరూ ఆ ఊసు ఎత్తలేదు.

అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. రెండింటికి గాలి లేచింది.

మొదట అది గాలిలా లేదు. దూరంగా గూడ్సు బండి వస్తున్నట్టుంది. వస్తోంది, వస్తోంది, ఎంతకీ వెళ్లిపోదు. కిటికీ రెక్కకి వీపు ఆనించి కూర్చున్నారు. రెక్క మిమ్మల్ని తోస్తోంది. మీరు రెక్కని తోస్తున్నారు. బయట ఏదో విరిగింది. కొబ్బరో, స్తంభమో. పిల్ల ఏడుస్తోంది. తల్లి నోరు కదులుతోంది గాని మాట వినపడదు. ఫోను వెలుగులో టైము చూస్తారు. నాలుగూ నలభై.

సరిగ్గా ఈ వేళకే పలాసకు దగ్గరగా, వజ్రపుకొత్తూరు మండలంలో తిత్లీ నేల మీద కాలు పెట్టింది. నాలుగున్నర, ఐదున్నర మధ్య. అక్కడ గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. విసురు 165. ఉద్దానంలో ఒక తరం పెంచిన కొబ్బరి, జీడి ఈ గంటలోనే నేలకు వరుసగా పడుకుంటున్నాయి. మీ దగ్గర అంత లేదు. మీ దగ్గర పెంకులే లేచాయి. ఆ పెంకుల కింద ఎవరూ లేరు.

తెల్లారింది. గురువారం.

అందరూ బయటికొచ్చి ఆకాశం వైపు చూశారు. తర్వాత ఇళ్ల కప్పులు చూశారు. తర్వాత నవ్వారు. అవును, నవ్వారు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న వచ్చింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. ఈసారి ఒక రోజు ముందొచ్చింది. "అక్టోబరొస్తే సాలు మనకి గాలి సుట్టమే" అంటాడొకడు. పొద్దెక్కేసరికి బడి ఖాళీ. గదులు ఊడ్పించి, తాళం వేసి, మాస్టారు నరసన్నపేట వెళ్లిపోయారు, తాళం చెవితో సహా. మీరు గోడకి ఆనుకుని కునుకు తీస్తారు. పని అయిపోయింది కదా.

మధ్యాహ్నం తలారి లేపుతాడు. "బాబూ, ఓపాలి ఏటికాడికి రండి."

ఏరు నిన్నటిలా లేదు. నీళ్లు ఎర్రగా, చిక్కగా, మజ్జిగ చిలికినట్టు నురగ తేలుతోంది. కర్రలు కొట్టుకొస్తున్నాయి. కర్రలంటే కట్టెపుల్లలు కాదు, వేళ్లతో సహా చెట్లు. తలారి వంగి ఒక కొమ్మ లాగి ఆకు చూపిస్తాడు. "ఇది మన దిక్కు ఆకు కాదు. కొండాకు."

వంశధార పుట్టేది ఒడిశా కొండల్లో. సుమారు 250 కిలోమీటర్ల దారిలో సగం పైన అక్కడే. తిత్లీ తీరం దాటి పోయిందని మీరు అనుకుంటున్నారు. పోలేదు. గజపతి, రాయగడ కొండల మీదకెక్కి, తిరిగి, అక్కడ దిమ్మరించింది. ఇదే రోజు గజపతి జిల్లా బరఘరాలో వానకి తడవకుండా కొండ గుహలో తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగి పడింది. ఆ సంగతి మీకు తర్వాత తెలుస్తుంది. ఇప్పుడు మీ కళ్ల ముందున్నది ఆకు ఒక్కటే.

గాలికి భయపడినవాళ్లు నీటికి భయపడలేదు. గాలి చప్పుడు చేసుకుంటూ వచ్చింది. నీటికి ఇంకా చప్పుడు లేదు.

సాయంత్రం ఆరు. ఫోనులో చార్జి పదకొండు శాతం. ఆఫీసు నుంచి ఫోను. గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తేశారు, క్యూసెక్కులు పెరుగుతున్నాయి, దిగువ గ్రామాలు అప్రమత్తం. మళ్లీ ఆ మాటే. "సార్, మా ఊరికి ఎంత నీరొస్తుంది?" అని అడుగుతారు. అట్నుంచి ఒక క్షణం ఏమీ లేదు. "రాసుకో" అని అంకె చెప్తారు. రాసుకుంటారు.

గేట్లు ఎత్తకుండా ఆపవచ్చు కదా? మీకు రాకముందే ఊళ్లో పది మందికి వచ్చిన ప్రశ్న ఇది. హిరమండలం దగ్గర ఉన్న గొట్టా ఆనకట్ట లాంటిది, డ్యాము కాదు. పొలాలకు నీళ్లు మళ్లించడానికి ఏటికి అడ్డం కట్టిన గోడ. నీటిని దాచుకునే కడుపు దానికి లేదు. పైనుంచి ఎంతొస్తే అంతా కిందికి వదలాల్సిందే. గేట్లు ఎత్తడం వరద పంపడం కాదు, వరద వచ్చేసిందని ఒప్పుకోవడం.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులనుకోండి. సెకనుకు 28 లక్షల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకరు లారీలు కళ్ల ముందు నుంచి సెకనుకు 280 పోతున్నట్టు. బాగానే ఉంది లెక్క. కానీ ఆ ట్యాంకర్లు మీ ఊళ్లో ఎవరి గడప దగ్గర ఆగుతాయి? లక్షయితే ఎవరి గడప, లక్షన్నరయితే ఎవరి గడప? ఆ లెక్క ఆఫీసులో ఏ కాగితంలోనూ లేదు.

తలారి దగ్గర ఉంది.

రామమందిరానికి ఏడు మెట్లు. మీరు రోజూ ఎక్కి దిగేవే. అతను టార్చి కింది మెట్టు పక్కన గోడ మీద వేస్తాడు. సున్నాల పొరల కింద గీతలు. గోరుతో గీకితే ఇటుక రంగు బయటపడుతుంది. "ఇది ఫైలినప్పుడు. రెండో మెట్టు. ఇది అంతకు ముందు. మూడు. ఇదిగో..." టార్చి పైకి జరుగుతుంది, ఇంకా పైకి. ఆరో మెట్టు దాటి ఆగింది. "ఇది ఎనబై. మా నాన్న గీసింది."

1980 సెప్టెంబరు వరద. ఎగువన ఒడిశాలో గుణుపురం పట్టణాన్ని ముంచిన వరద అది. మీరప్పటికి పుట్టలేదు.

"మూడో మెట్టుకొస్తే అమ్మోరి ఈది మునుగుద్ది. మూడు దాటితే గెడ్డ ఎనక్కి తంతాది. గెడ్డ తన్నితే నరసన్నపేట రోడ్డు పోద్ది. అప్పుడింక ఎటూ ఎల్లనేం." గెడ్డ అంటే ఊరి వెనక నుంచి వచ్చి ఏట్లో కలిసే వాగు.

ఎగువన జలుమూరు మండలంలో మీతోపాటు చేరిన వీఆర్వో ఉన్నాడు. శ్రీముఖలింగం దగ్గర. అతనికి ఫోను. చార్జి తొమ్మిది. మోగుతోంది, మోగుతోంది. ఎత్తాడు. వెనక జనం కేకలు. "మా రేవు మునిగి గంటయింది. ఇంకా ఎక్కుతోంది. తమ్ముడూ, బాగా పొద్దుపోయాక కదిలించొద్దు, ఇప్పుడే..." తెగిపోయింది. మళ్లీ చేస్తారు. అందుబాటులో లేరు. ఆఫీసుకి చేస్తారు. అసలు మోగదు. తెర మీద టవరు గీతల చోట ఒక గుణకారం గుర్తు.

ఓడరేవుల్లో తుఫాను వస్తే ప్రమాద సూచికలు ఎగరేస్తారు కదా, ఒకటి, రెండు, మూడు అని. పదో నంబరంటే పెను ప్రమాదం. అంతటితో అయిపోయిందనుకుంటాం. ఇంకోటి ఉంది. పదకొండు. దాని అర్థం గాలి ఇంకా పెరిగిందని కాదు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయింది, ఇక మీరే చూసుకోండి అని. మీ చేతిలో ఉన్న ఫోను ఇప్పుడు పదకొండు ఎగరేసింది.

ఇప్పుడు ఏం చేస్తారు?

నిన్న రాత్రి ఊరిని లేపారు. గాలి వచ్చింది, పెంకులు పోయాయి, ఎవరికీ ఏమీ కాలేదు. ఇవాళ మళ్లీ లేపుతారా? నీరు రెండో మెట్టు దగ్గరే ఆగిపోతే? రేపట్నుంచి ఈ ఊళ్లో మీ మాటకి విలువుండదు. ఇంకోసారి నిజంగా పీకల మీదకొచ్చినప్పుడు ఎవరూ లేవరు. లేపకపోతే? ఆరో మెట్టు గీత మీద టార్చి వెలుగు ఇంకా వణుకుతోంది.

1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చింది. తుఫాను వస్తోందని అప్పుడూ తెలుసు. ఆ తెలిసిన సంగతి ఒడ్డున ఉన్న గుడిసె తలుపు దాకా చేరలేదు, చేరినచోట మనిషి లేచి నడిచే మాటగా చేరలేదు. పోయినవాళ్లు పదివేలకు పైనే. మీకు ట్రైనింగులో చెప్పారిది. అప్పుడు అది పరీక్షలో ప్రశ్న.

మైకు అందుకుంటారు. కరెంటు లేదు, మైకు పలకదు. పందిరి కుర్రాడొకడు ఆటో తెచ్చాడు, బ్యాటరీ తీగలు విప్పి ఆంప్లిఫయరుకి తగిలించాడు. గీమని ఒక కూత. తర్వాత మీ గొంతు.

ఈసారి కాగితం జేబులోనే ఉంది.

"నేను వీఆర్వోని. రాత్రి పన్నెండు లోపల రామమందిరం నాలుగో మెట్టుకి నీరొస్తుంది. నాలుగో మెట్టు. అమ్మవారి వీధి, గెడ్డ పక్క వీధి ఇప్పుడే బడికి రావాలి. పశువుల తాళ్లు విప్పి గట్టు మీదకి తోలండి. తాగే నీళ్లు తెచ్చుకోండి. తొమ్మిదింటికి రోడ్డు పోతుంది."

పన్నెండని, తొమ్మిదని మీకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తలారి వేళ్ల మీద లెక్కేశాడు, మీరు దాంట్లోంచి ఒక గంట తగ్గించారు. తప్పయితే తప్పు మీదే.

చీకట్లోంచి ఎవరో అరుస్తున్నారు. "ఎన్ని మెట్లు బాబూ?"

"నాలుగు!"

తలుపులు తెరుచుకుంటున్నాయి. ఒకటి. మూడు. వీధి అంతా. టార్చీలు, లాంతర్లు, పిల్లలు, మూటలు. ఆధార్ కార్డులు, పాసు పుస్తకాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి జాకెట్లో దోపుకుంటోంది ఒకామె. నిన్న రాత్రి ఆమె కదల్లేదు, మీకు గుర్తుంది.

బడి దగ్గరికి వచ్చేసరికి తాళం. ఇత్తడి తాళం, అరచేతిలో సగం ఉంది. తాళం చెవి నరసన్నపేటలో. ప్రభుత్వ భవనం తాళం పగలగొట్టడానికి మీకు అధికారం ఉందా? ఎవరికి ఉత్తరం రాయాలి, ఎవరు సంతకం పెట్టాలి? వెనక వంద మంది వానలో తడుస్తున్నారు. తలారి ఏమీ అనడు. ఒక రాయి తెచ్చి మీ చేతిలో పెడతాడు. తనే కొట్టొచ్చు. కొట్టడు. మీ చేతిలో పెడతాడు.

మూడో దెబ్బకి ఊడింది.

ఎనిమిదిన్నర. నీరు రెండో మెట్టు.

గెడ్డ పక్క వీధిలో చివరి ఇల్లు. గుమ్మంలో మామ్మ కూర్చుని ఉంది. నిన్న ఏం చెయ్యమంటావని అడిగిన ఆమే. "నాను రాను బాబూ. ఆవు సూడిది. ఇయ్యాలో రేపో ఈనుద్ది. దాన్నొగ్గేసి నానెక్కడికొస్తాను?"

"తాడు విప్పేద్దాం మామ్మా, అదే గట్టెక్కుతుంది."

"సూడావు లగెత్తద్దా? నీకు పసువులేటి తెలుసు."

నిజమే, తెలియదు. రూల్సులో మనుషుల్ని కేంద్రానికి చేర్చాలని ఉంది. ఆవు గురించి అందులో ఏమీ లేదు. కానీ ఆవు కదలందే ఈ మనిషి కదలదు. అంటే ఈ మనిషిని కదిలించే హెచ్చరిక ఆవుకే చెప్పాలి. తాడు మీరే అందుకుంటారు. ఆవు మీ వైపు ఒకసారి చూసి బరువుగా నడక మొదలెట్టింది. మామ్మ వెనకే. బడి వరండాలో ఆ మూల ఆవు, ఈ మూల గంజి పొయ్యి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

తొమ్మిదిన్నర. మూడో మెట్టు.

పదింటికి కేక. గెడ్డ తన్నింది. మీరు ఏటి వైపు చూస్తున్నారు. నీరు అట్నుంచి రాలేదు. ఊరి వెనక నుంచి, పొలాల మీద నుంచి, పొట్టకొచ్చిన వరి తలల మీద నుంచి చప్పుడు లేకుండా పాక్కుంటూ వచ్చింది. ఏరు నిండితే గెడ్డ నీరు అందులోకి దిగలేదు, వెనక్కి తిరుగుతుంది. తలారి చెప్పినట్టే. నరసన్నపేట రోడ్డు లేదు. టార్చి వేస్తే నల్లటి అద్దం.

"బాబూ! మా తమ్ముడు మోటారు కోసం ఎల్లాడు!"

ఎవరు? ఎప్పుడు? పొలంలో ఆయిల్ ఇంజను ఉంది. అప్పు చేసి కొన్నది. దాన్ని విప్పి తెస్తానని వెళ్లాడు. ఎంతసేపయింది? అరగంట.

వెళ్లాలా?

బడిలో వంద మందికి పైనే ఉన్నారు. వాళ్లకి మీరే ఆఫీసు. మీకు ఏమైనా అయితే?

అన్న అప్పటికే నీళ్లలోకి దిగుతున్నాడు.

తాడు. నూతి తాడు, కొబ్బరి పీచుది. ఒక కొస స్తంభానికి. రెండో కొస తలారి నడుముకి. మధ్యలో మీరు. వెనక నలుగురు. మొత్తం ఆరుగురు. అడుగు. అడుగు. మోకాలు. చల్లగా ఉంది. కాలికి ఏదో చుట్టుకుంది. పాము. కాదు, తీగ. అడుగు. తొడ. నీరు లాగుతోంది. టార్చి వెలుగు తగ్గిపోయింది. పేరు పెట్టి అరుస్తున్నారు. జవాబు లేదు. నడుము. మళ్లీ అరుస్తున్నారు.

"ఓయ్!"

ఎడమ పక్కన. చెట్టు. వేప. కొమ్మ పట్టుకుని ఉన్నాడు. ఇంజను ఊసే లేదు. తలారి చెయ్యి చాపాడు. అందలేదు. ఇంకో అడుగు. నీరు ఛాతీకి. అందింది. లాగండి. లాగండి. బేగి లాగండి.

గట్టు. మట్టి. మోకాళ్ల మీద పడ్డారు. దగ్గు. ఊపిరి.

లెక్కపెట్టండి. వెళ్లింది ఆరుగురు. తెచ్చింది ఒకణ్ని. ఏడుగురు ఉండాలి. టార్చి లేదు. చీకట్లో చేత్తో తలలు తడుముతారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు.

ఆరు?

మళ్లీ. ఒకటి, రెండు... ఆరు.

గుండె ఆగింది. ఎవరు? ఎవరు లేరు? నీళ్ల వైపు తిరిగి అరవబోతారు. తలారి మీ భుజం పట్టుకున్నాడు. "మిమ్మల్ని?"

పరమానందయ్య శిష్యులు ఏరు దాటి ఇలాగే లెక్కపెట్టుకున్నారు. చిన్నప్పుడు ఆ కథకి మీరు పడీపడీ నవ్వారు. ఇప్పుడు గట్టు మీద బురదలో కూర్చుని ఏడుస్తున్నారు. వానలో అది ఎవరికీ కనపడదు లెండి.

పన్నెండూ పది. నాలుగో మెట్టు. నీరు ఆ మెట్టు అంచుని తాకి, కాస్త వెనక్కి పోయి, మళ్లీ తాకుతోంది. తలారి మీ వైపు చూడడు. మీరూ అతని వైపు చూడరు. ఇద్దరూ ఐదో మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒంటిగంట. రెండు. నాలుగో మెట్టు మునిగింది. ఐదోది మునగలేదు.

బడి వరండాలో కదలిక. ఆడవాళ్లు పరుగులు. మామ్మ గొంతు అందరికంటే పైన. "ఎలుతురు పట్టండి, ఎలుతురు!"

తెల్లారేసరికి దూడ లేచి నిలబడింది. పెయ్య.

శుక్రవారం. వాన లేదు. నీరు మూడో మెట్టుకి దిగింది. పొలాలున్న చోట ఒక పెద్ద ఎర్రటి చెరువు. వరి ఎక్కడా కనపడదు. అమ్మవారి వీధిలో నాలుగు గోడలు కూలాయి. పందిరి లేదు. అమ్మవారి బొమ్మని కుర్రాళ్లు రాత్రే గుడిలోకి చేర్చారు. మీరు తడి కాగితం మీద రాస్తున్నారు. పూర్తిగా కూలిన ఇళ్లు, పాక్షికంగా కూలిన ఇళ్లు, మునిగిన పైరు, చనిపోయిన పశువులు. ఒక గడి దగ్గర పెన్ను ఆగింది. ప్రాణనష్టం. ఆ గడిలో పొడుగ్గా ఒక గీత గీస్తారు. తాళం ఖరీదు రాయడానికి ఏ గడీ లేదు. తలారి గోడ పక్కన వంగి ఇటుక ముక్కతో ఇంకో గీత గీస్తున్నాడు, నాలుగుకీ ఐదుకీ మధ్య.

పది గంటలకి ఆటో బ్యాటరీకి తగిలించిన ఫోనుకి ప్రాణమొచ్చింది. టవరు గీత ఒకటి లేచింది. వెంటనే టింగు. టింగు. టింగు. ఒకదాని మీద ఒకటి ఆగకుండా. అమ్మ నుంచి పదహారు మిస్డ్ కాల్స్. ఆ కింద రెండు రోజుల మెసేజీలు, నిన్న పొద్దున్నవి, నిన్న సాయంత్రానివి, రాత్రివి.

మామ్మ దూడని తుడుస్తూ అడుగుతుంది. "ఏటంతంది బాబూ నీ ఫోను?"

చదివి వినిపిస్తారు. వంశధారకు వరద ఉధృతి. లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి.

మామ్మ చెయ్యి ఆపి కాసేపు ఆలోచించింది.

"లోతట్టంటే మనవేనా?"